గోనెలో తెచ్చిన మడుగు

“బస్సులో కండ్లు మూసేవు సూడు. నువ్వు నిద్రపోతే గోనె ఆరిపోతాది,” అనింది పోలమ్మ, కిటికీ కింద నిలబడి.

“మూయనులే. బతికితే కార్డు రాయిస్తా,” అన్నా.

“బతక్కపోతే?”

“బతక్కపోతే కార్డెందుకు? నేనే వస్తా, నీ మొగాన ఈ బురద కొట్టేదానికి.”

పండ్లు లేని నోరు తెరిచి నవ్వింది. బస్సు కదిలింది. మా ఇద్దరి నడమ నడిచిన చివరి మాటలు అవే. అప్పుడు ఆ సంగతి నాకూ తెలీదు, ఆమెకూ తెలీదు.

నా పేరు మునెమ్మ. కార్వేటినగరం దాపున ఒక చిన్న పల్లె మాది. కూడబలుక్కుంటే బస్సు బోర్డు చదవగలను, అంతకుమించి రాదు. నేను చెప్తా ఉంటే మా మరిది కూతురు భారతి రాస్తా ఉండాది. పులికాట్ సరస్సు ఒడ్డుకు పోయి వచ్చిన కత ఇది. నేను సముద్రం చూసేదానికి పోలా, రొయ్యలు తినేదానికీ పోలా. జంబుగడ్డి వేర్లు తెచ్చేదానికి పోయినా.

ఎందుకు పోవాల్సి వచ్చిందంటే

మా ఊరికి దిగువన ఒక మడుగు ఉండేది. మోకాలి లోతు నీళ్ళు, మనిషెత్తు జంబు. ఆ జంబు కోసి, ఎండబెట్టి, చాపలు అల్లి అమ్మేదాన్ని. మా ఇంటాయన పోయినంక తొమ్మిదేండ్లు నాకు కూడు పెట్టింది ఆ మడుగే. నాకొక్కదానికే కాదు. నీలం రంగు జంబుకోళ్ళని ఉంటాయి. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు, నొసట ఎర్రబొట్టు. అవి ఆ జంబు నడమనే గూడు కట్టి పిల్లల్ని లేపేవి. తెల్లారి వాటి అరుపు వినే నేను లేసేది.

కొత్త రోడ్డు సరిగ్గా ఆ మడుగు మీదికే వచ్చింది. మట్టి తోలినారు, రోలరు తిప్పినారు, నెల తిరక్కముందే చదును చేసేసినారు. కోళ్ళు మూడు దినాలు ఆ ఎర్రమట్టి మీదనే అటూ ఇటూ తిరిగినాయి. నాలుగో దినం చూస్తే లేవు.

తిరుపతి కాలేజీలో జంతువుల పాఠం చెప్పే సారొకాయన అప్పుడప్పుడూ ఆ కోళ్ళను చూసేదానికి వచ్చేవాడు. ఆయన రోడ్డు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఒక మాట ఒప్పించినాడు. రోడ్డుకు మట్టి తీసిన గుంత ఊరికి ఎగువన ఉండాది కదా, దాన్నే మడుగు చేద్దామని. ఆఫీసు వాళ్ళు ఉగాది దాకా గడువిచ్చినారు. అప్పటికి జంబు పట్టుకుంటే గుంత మడుగుగా నిలుస్తాది. పట్టుకోకపోతే పూడ్చేసి లారీలు నిలబెట్టే తావు చేస్తారు.

“జంబు సంగతి ఎవరికి తెలుసు?” అని సారు అడిగితే ఊరంతా నన్ను చూపించినారు.

“నేను పట్టిస్తా సామీ,” అనేసినా. నోరు నాది, ఎవురినేమనాల?

పురటాసి నెల వానకు గుంత నిండింది. రోడ్డు పక్కన మిగిలిన కాస్త జంబు తవ్వి తెచ్చినాం. వరి నాటే ఆడోళ్ళు పదిమంది వచ్చినారు. తొలి పిడికెడు ముత్తైదువ నాటాలన్నారు. పసుపు కుంకం చల్లి వాళ్ళు దిగినారు, నేను గట్టు మీద నిలబడినా. వరినారుకు కొసలు తుంచినట్టే జంబుకూ కొసలు తుంచినారు. తుంచమని చెప్పింది నేనే. నాటినంక నీరుగట్టి ఎంగటప్ప బాయి కాలవ తిప్పి ఇంకా నీళ్ళు పెట్టినాడు. చెరువు నీళ్ళకు కాపలా ఉండి మడులకు మళ్ళించే మనిషిని మా తావున నీరుగట్టి అంటారు. ఎండకు నీళ్ళు ఒక జానెడు దిగితే చాలు, ఆయన మళ్ళా నింపేవాడు. మా సీమలో నీళ్ళు చాలక పైరు చచ్చేది చూసినాం గానీ, నీళ్ళెక్కువై చస్తాదని ఎవురికి తోస్తాది?

సారు ఒక నోటుపుస్తకం ఇచ్చి, బతికినవి ఎన్నో వారం వారం రాయమన్నాడు. నాకు రాత రాదు, ముగ్గు వచ్చు. గుంత ఆకారం గీసి దుబ్బుకొక చుక్క పెట్టినా. శుక్రవారం శుక్రవారం కొత్త పేజీ. చచ్చినదానికి చుక్క పెట్టను. కార్తీకం ముగిసేసరికి నా ముగ్గులో నడిమి భాగమంతా బోసిపోయింది. గట్టు వారన వంకరటింకరగా పదో పదకొండో చుక్కలు మిగిలినాయి, అంతే.

తిరుపతిలో ఒక రాత్రి

నోటుపుస్తకం కొంగులో చుట్టుకొని తిరుపతి పోయినా. బస్సు దిగితే ఎటు చూసినా గుండ్లు. ఆడా మొగా, సంకలో బిడ్డతో సహా గుండ్లే, వాటికి చందనం. మా ఊర్లో గుండుతో ఎవరన్నా ఎదురొస్తే ఇంట్లో ఎవురు పోయినారో అని గుండె జారుతాది. ఆడ మాత్రం గుండు కనపడితే, పని ముగించుకొని హాయిగా వస్తా ఉండారని తెలుస్తాది.

సారు పేజీలు తిప్పి తిప్పి చూసినాడు. “నాకు పక్షులు తెలుసు మునెమ్మా, మొక్కలు అంత తెలియవు. సరస్సు దగ్గర పోలమ్మ అని ఒకామె ఉంది. చిన్నప్పటినుంచి జంబులో నానిన మనిషి. ఆమెకు చూపించు. నేను రావాలంటే పరీక్షలు అడ్డం,” అని చీటీ రాసిచ్చినాడు.

ఆ రాత్రి సత్రంలో పండుకొని, పొద్దున బస్సుకు ముందు అలిపిరి దాకా నడిచిపోయినా. కొండ ఎక్కేదానికి టైము లేదు. కింద నుంచే చేతులెత్తి, “సామీ, జంబు పట్టుకుంటే ఎక్కి వస్తా,” అన్నా. పక్కన ఒకామె మెట్టు మెట్టుకూ పసుపు రాస్తా ఉండాది.

“ఏం మొక్కుకున్నావక్కా? కొడుకు పెండ్లా, కూతురు కాన్పా?”

“గడ్డి,” అన్నా.

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. పసుపు గిన్నె తీసుకొని ఇంకో రెండు మెట్లు పైకి పోయింది.

సరస్సు ఒడ్డున

కాళహస్తి దాటినాం, నాయుడుపేట దాటినాం, సూళ్ళూరుపేటలో ఇంకో బస్సెక్కినా. గాలి మారిపాయ. ముక్కుకు ఉప్పు, ఎండుచేప, బురద అన్నీ కలిసిన వాసన. మా వైపు కొండలు చూసి చూసి అలవాటైన కంటికి ఆ నీళ్ళ అంచు యాడ ముగుస్తాదో తెలీలా. నీళ్ళ మధ్యన రోజాపువ్వు రంగు కొంగలు బారులు బారులుగా నిలబడి ఉండాయి. పక్క సీటాయన్ని, “అవేమన్నా బొమ్మలా అబ్బా?” అని అడిగినా. ఆయన నవ్వుతా ఉండగానే అన్నీ ఒక్కసారి లేసినాయి. నేను సీట్లోనుంచి లేసి నిలబడినా.

ఒడ్డున చిన్న చిన్న పడవలు. ఆడోళ్ళు ఇసక మీద రొయ్యలు కుప్పలు పోసి కూచున్నారు. కుప్ప రెండు రూపాయలు. మా సంతలో రెండు రూపాయలకు వంకాయలు కూడా అంత కుప్ప రావు. కానీ ఆడ ఒక నిమ్మకాయ ధర విని కొనకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నా.

పోలమ్మ ఇంటి ముందర జంబు మోపులు ఎండుతా ఉండాయి. ఎండిన ఖర్జూరం మాదిరి మనిషి. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఉండాది. చీటీ ఇస్తే తిప్పి చూసి, “దీన్నేం చేసుకునేది? నోటితో చెప్పు,” అనింది. చెప్పినా. అంతా విని, “ముందు అన్నం తిను. ఆకలితో ఉండేవాళ్ళకు నేను పని చెప్పను,” అని కంచం పెట్టింది.

చేపల పులుసు. నేను మూటలో కట్టుకొనిపోయిన రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి తీసి ఆమె ముందర పెట్టినా.

“ఇదేంది మే, నా బురద నాకే తెచ్చినావా?” అనింది ముద్దను వేలితో పొడిచి.

నేను నవ్వబోయినా, గొంతులో ముల్లు ఇరుక్కుంది. మెట్టసీమ మనిషిని, చేప తినే తెలివి నాకేది? కండ్లల్లో నీళ్ళు. పోలమ్మ గబుక్కున సంగటి చిదిమి ఇంత ఉండ నా నోట్లో కుక్కింది. “నమలబాక. మింగు!” మింగినా. ముల్లు దిగిపాయ.

“మీ ముద్ద పనికొచ్చేదే,” అని మిగిలిందంతా ఊరిబిండి అద్దుకొని ఆమె తినేసింది. నేను ముల్లు తీసిన చేప తిన్నా. ఆ పులుసు రుచి మాత్రం ఇప్పటికీ నాలుక మీద ఉండాది.

జంబుకు ముక్కు యాడ ఉంటాది

మర్నాడు పొద్దున సరస్సు వెనకాల మంచినీళ్ళ చెరువు అంచుకు తీసుకుపోయింది. ఉప్పు నీళ్ళల్లో జంబు బాగా రాదంట. అటుపక్క నీళ్ళల్లో నిలబడిన చెట్ల మీద గూడబాతులు తెల్లగా కూచోని ఉండాయి, కొమ్మలు వంగిపోయేటన్ని. గట్టు మీద నోటుపుస్తకం తెరిచినా. ఆమె ఒక్కొక్క పేజీ వేలు పెట్టి చూసింది. ఇద్దరికీ అక్షరం రాదు, అయినా ఆ పుస్తకం చదివినంత సులువుగా ఇంకేదీ చదివుండం.

“ఇది గట్టా?”

“గట్టు.”

“గట్టు వారన బతికినాయి, నడిమధ్యన చచ్చినాయి. నడమ నీళ్ళెంత?”

“తొడ దాకా. ఎప్పుడూ తగ్గనీయలా,” అన్నా గొప్పగా.

పోలమ్మ నన్ను చూసిన చూపు చెప్పలేను. “నాటినప్పుడు జంబు ఎంత పొడుగు?”

“మూరెడు. కొసలు తుంచినాం కదా, వరికి మాదిరి.”

“మూరెడు మొక్కను తొడలోతు నీళ్ళల్లో పెట్టినావు.” కొడవలితో ఒక ఆకు అడ్డంగా కోసి నా చేతిలో పెట్టింది. లోపలంతా గదులు గదులు, తేనెపట్టు మాదిరి. “దీంట్లో ఏముంది?”

“ఏముంది, గాలి.”

“ఆ గాలే కింద వేరు దాకా పోయేది. బురదలో ఉండే వేరుకు ముక్కు ఈ పైన ఆకులో ఉండాది. నువ్వు ముక్కు కోసి తల నీళ్ళల్లో ముంచినావు. బిడ్డనైతే అట్లా చేస్తావా మే?”

నేను ఆ ఆకుముక్కను తిప్పి తిప్పి చూసినా. ఇరవై ఏండ్లు ఆ ఆకులు అల్లినా. ఆ గదుల వల్లే చాప మెత్తగా ఉంటాదని సంతలో గొంతు చించుకొని అమ్మినా. అవి ఎందుకుండాయో ఒక్కనాడూ ఆలోచన చేయలా. చంపింది కరువు కాదు, పురుగు కాదు. నేనూ, నా పది మంది ఆడోళ్ళూ, ఆ నీరుగట్టీ. అందరం మంచి మనసుతోనే చంపినాం.

“ఏడ్చేది ఇంటికి పోయి ఏడుద్దువు. దిగు,” అనింది.

“ఈడ తొలి అడుగు ఎవురు పెట్టాల?” అని అడిగినా. ఆమెకూ మొగుడు లేడు, నాకూ లేడు, చుట్టూ చూస్తే ముత్తైదువ ఎవురూ కనపడలా.

“లోతు తెలిసినోళ్ళు,” అని ఆమె దిగేసింది. ఎనకాలే నేనూ దిగినా.

దినమంతా తవ్వినాం. ఆకు కోయకుండా, వేరుకు గడ్డతో సహా. నలభై దుబ్బులు. పొద్దు వాలేటప్పుడు ఆమె ఇంకో చిన్న గోనె తెచ్చి నల్ల బురద ఎత్తింది. నత్తలు, పురుగులు, ఏవో విత్తనాలు, కుళ్ళిన ఆకు, అన్నీ అందులోనే.

“ఇదెందుకక్కా? మా ఊర్లో మట్టి లేదా?”

“మీది రోడ్డోళ్ళు చెక్కిన ఉత్త మన్ను. పాలు కాచినంత మాత్రాన పెరుగైతాదా? తోడు వెయ్యాల్నా వద్దా? ఇది తోడు.”

తిరుగు బస్సు

రెండు గోనెలూ తడిపి తడిపి తెచ్చినా. బస్సు ఆగిన ప్రతి తావునా చెంబుతో దిగి నీళ్ళు పోసుకొని ఎక్కడమే. కాళహస్తిలో కొండకు పోయేవాళ్ళు ఎక్కినారు, ఎక్కీ ఎక్కగానే ముక్కులు మూసుకున్నారు.

“ఎవురమ్మా ఎండుచేపలు తెచ్చింది? దేవుడి దగ్గరికి పోయే బస్సు ఇది!”

“చేపలు కాదు సామీ, బురద,” అన్నా.

కండక్టరు వచ్చినాడు. “ఏముంది గోనెలో?”

“మడుగు.”

“మడుగా! మడుగుకు టికెట్టు యాడ కొట్టేది? పైన వెయ్యి.”

“పైన ఎండ. ఆరిపోతే చస్తాది నాయనా. కావాలంటే నన్ను పైన వెయ్యి, దీన్ని సీట్లో కూచోబెట్టు.”

బస్సంతా నవ్వింది. అంతలో గోనెలోనుంచి ఒక నత్త బయటికొచ్చి పట్టుపంచె కట్టిన పెద్దాయన మోకాలెక్కింది. ఆయన లేసి ఎగిరిన ఎగురుడు మీరు చూడాల్సింది. కడాకు నన్నూ గోనెల్నీ వెనకాల చివరి సీటుకు తోసినారు. చుట్టూ ఖాళీ. అంత విశాలంగా బస్సులో నేనెన్నడూ కూచోలా. కండ్లు మాత్రం మూయలా.

గండి

ఊరికొచ్చి మొదట చెప్పిన మాట ఒకటే: గుంతలో నీళ్ళు వదిలెయ్యాల.

ఎంగటప్ప నా మొగం చూసి, “ఎండదెబ్బ తగిలిందా వదినా?” అన్నాడు.

“పాదం మునిగేంత ఉంచి కడమది వదిలెయ్యి అప్పా.”

“మా నాయన నీరుగట్టి, మా తాత నీరుగట్టి. నీళ్ళు నిలబెట్టిన చేతులివి. నా చేత్తో గట్టు తెంపేది లేదు. ఊరు నన్ను ఉమ్మేస్తాది.”

ఊరు అప్పుడే నన్ను ఉమ్మేస్తా ఉండాది. గట్టు మీద జనం చేరినారు. ఈమె ఊరు తిరిగొచ్చి పిచ్చి పట్టించుకొనింది అని ఒకరు, ఉగాదికి ఎట్లాగూ పూడ్చే గుంతే కదా, ఉండే నీళ్ళు కూడా పోగొడతాదా అని ఇంకొకరు. నాకూ భయమే. అబద్ధమెందుకు చెప్పాల? మా తావున నిలిచిన నీళ్ళు వదలడమంటే ఏందో నాకు తెలీదా? ఇది తప్పిపోతే ఇంక ఆ ఊర్లో నా మాట చెల్లదు, మడుగూ ఉండదు, చాపా ఉండదు, ఆ కోళ్ళ అరుపు మళ్ళా ఈ జన్మకు వినను.

పార నేనే తీసుకున్నా. గట్టు దిగువన ఎంగటప్ప రాగి చేను ఎండిపోతా ఉండాది. ఆ పక్కకే గండి కొట్టినా. నీళ్ళు ఆయన చేన్లోకి పారినాయి. కాసేపు చూసినాడు, తలపాగా సర్దుకున్నాడు, “గండి అట్లనా కొట్టేది? పక్కకు జరుగు,” అని పార నా చేతిలోనుంచి లాక్కున్నాడు.

మర్నాడు నాట్లు. ఆడోళ్ళు పసుపు కుంకం తెచ్చి గట్టు మీద పెట్టినారు. ఎవురు ముందు దిగాలా అని మొగాలు చూసుకుంటా ఉండారు. లోతు తెలిసింది నాకు. నేను దిగినా. ఎనకాలే ఆడోళ్ళూ దిగినారు. తొలి దుబ్బు పెట్టి, దాని కింద గోనె బురద ఒక దోసెడు వేసి కాలితో తొక్కినా. ఆకు కొస నా భుజం దాకా నిలబడింది.

చుక్కలు

మళ్ళా శుక్రవారాలు మొదలు. మొదటి రెండు వారాలు ఆకులన్నీ పసుపు తిరిగినాయి, ఆరు చుక్కలు తగ్గినాయి. ఆడోళ్ళు నన్ను చూసి మాట మార్చేవాళ్ళు. మూడో వారం చుక్క తగ్గలా. అయిదో వారం పెట్టని తావున ఒక మొలక, కత్తి మొన మాదిరి. కింద వేరు పాకి అది లేసింది. ఆ వారం చుక్క పెట్టేదానికి ముందు పెన్సిలు రెండుసార్లు చెక్కినా. మొలకలు పొడుగయ్యే కొద్దీ ఎంగటప్ప వేలెడు వేలెడు నీళ్ళు ఎక్కించినాడు. నన్ను అడిగి ఎక్కించినాడు.

ఉగాదికి వారం ఉండగా ఆఫీసాయన టేపు తీసుకొని వచ్చినాడు. సారూ వచ్చినాడు. పుస్తకం ఇస్తే ఆఫీసాయన, “ఇదేందమ్మా, ముగ్గులా?” అనినాడు. ఆ పుస్తకం పట్టుకొనే గట్టు చుట్టూ నడిచినాడు. ఈశాన్యం మూల నిలబడి ఎంచినాడు.

“ఈడ అయిదు చుక్కలుండాయి. నీళ్ళల్లో ఆరుండాయి. నీ లెక్క తప్పు.”

“ఆరోది నిన్న లేసింది సామీ. నాకింకా శుక్రవారం రాలా.”

ఆయన టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుంత పూడ్చొద్దని రాసిస్తానన్నాడు, రాసిచ్చినాడు కూడా. సారు మాత్రం ఆ మాటలు వినలా. చెయ్యెత్తి మమ్మల్ని ఊరకుండమన్నాడు. జంబు లోపల ఏదో గొణిగింది, తర్వాత గట్టిగా అరిచింది. నీలం రెక్క ఒకటి, ఎర్ర కాలు ఒకటి. ఎంగటప్ప, “వచ్చినాయి వదినా, నీ అలారాలు,” అన్నాడు.

ఆ వారమే కొండెక్కి వచ్చినా. పోలమ్మకు కార్డు కూడా ఈ భారతితోనే రాయించినా. రాసేది కొంచెమే, మిగిలిన తావులో గుంత గీసి చుక్కలు నేనే పెట్టినా. జంబుకోడి ఉండే కాడ రెండు చుక్కలు పక్కపక్కన.

నెలలు గడిచినా జవాబు రాలా. వానలు మొదలైనంక వచ్చింది, ఆమె కొడుకు రాసినాడు: అమ్మ నెలల తరబడి విడవని జ్వరంతో ఆడి నెలలో పోయింది. మీ కార్డు వచ్చినప్పుడు మంచంలో ఉండింది. చదివి వినిపించినాను. చుక్కల మీద వేలు పెట్టి చూసుకుంది. మళ్ళా చదవమనింది.

కోళ్ళు ఇప్పుడు పిల్లల్ని లేపినాయి. నల్లటి పిల్లలు, తల్లి ఎనకాలే ఆకుల మీద పరిగెత్తుతా ఉండాయి. వాటికి ఇంకా చుక్కలు పెట్టలా, ఒక్క తావున నిలబడితే కదా. ఈ ఏడు జంబు కోయను. వచ్చే ఏడు కోస్తా, సగమే కోస్తా, నీళ్ళకు పైనే కోస్తా.

భారతీ, ఇంక చాలు. పెన్ను మూత పెట్టు. మొదట్నుంచి చదువు, బస్సు కిటికీ కాడ్నుంచి. పోలమ్మ మాటలు వచ్చిన తావున గబగబా పోవద్దు, ఆమె ఎంత నిదానంగా చెప్పిందో అంత నిదానంగా చదువు. అయిపోయినంక మళ్ళా చదువు.